ఆచార నియమం – రూపకల్పనా స్వేచ్ఛ: సమకాలీన యూదు ఆచారవస్తువులపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

దీపం, పాత్ర, పళ్లెం, పర్ణశాల, ద్వారబంధానికి బిగించే చిన్న గొట్టం మొదలైనవి యూదుల ఇంటి ఆచారాలకు ఆధారమైన వస్తువులు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ల నుంచి శిల్పులు, లోహకారులు, వాస్తుకారులు, వస్తురూపకర్తలు వీటిని తిరిగి రూపొందిస్తున్నారు. ఈ కృషిని కేవలం అలంకరణగానో, సంగ్రహాలయ కళగానో చూడడం సరిపోదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆచారవస్తువు విలువను నిర్ణయించడానికి విధి, వినియోగం, వ్యాఖ్యానం అనే మూడు కొలమానాలను స్వీకరించి, హనుక్కా దీపం, పస్కా పళ్లెం, మిర్యాము పాత్ర, ప్రార్థనావస్త్రం, పర్ణశాల, మెజూజాలకు సంబంధించిన కొన్ని ప్రసిద్ధ రూపకల్పనలను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: యూదు ఆచారవస్తువులు, హిద్దూర్ మిత్స్వా, హనుక్కా, మెజూజా, పర్ణశాల, వస్తురూపకల్పన, స్మృతి, స్త్రీల భాగస్వామ్యం.

1. ప్రవేశిక

తెలుగు బైబిలు చదివినవారికి బెసలేలు పేరు కొత్త కాదు. నిర్గమకాండములో ప్రత్యక్షగుడారపు పనికి నియమితుడైన శిల్పి ఆయన. బంగారం, వెండి, ఇత్తడి పనుల్లోను, రత్నాలు సానపట్టడంలోను, కొయ్య చెక్కడంలోను నైపుణ్యం గలవాడు. దీపవృక్షం, బల్ల, ధూపవేదిక వంటి పవిత్రవస్తువుల తయారీకి ఒక చేతిపనివాడిని పేరుపెట్టి పిలవడం ఆ గ్రంథంలోని విశేషం. 1906లో బోరిస్ షాట్జ్ యెరూషలేములో కళాపాఠశాలను స్థాపించినప్పుడు దానికి ఆ శిల్పి పేరే పెట్టారు. ఆచారవస్తువుల తయారీ విషయంలో ఆధునిక యూదు కళాకారులు తమను ఏ పరంపరకు వారసులుగా భావించుకొన్నారో ఈ నామకరణం తెలుపుతుంది.

యూదుల చరిత్రతో తెలుగునేలకు సంబంధం లేకపోలేదు. గుంటూరు ప్రాంతంలోని చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం యూదులుగా చెప్పుకొనే సముదాయం ఉంది. ఆ సముదాయంపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధనగ్రంథం 2013లో వెలువడింది. అయితే ఈ వ్యాసపరిధి వేరు. ప్రధానంగా అమెరికా, ఐరోపా, ఇజ్రాయెల్ కేంద్రాలుగా సాగిన వస్తురూపకల్పనను పరిశీలించి, దాన్ని విమర్శించడానికి తగిన ప్రమాణాలను నిర్ధారించుకోవడం ఈ వ్యాసోద్దేశ్యం.

ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది. ఒక దీపం అందంగా ఉండి, ఆలోచన రేకెత్తించి, సంగ్రహాలయంలో చోటు సంపాదించి కూడా, ఆచారదినాన వెలిగించడానికి పనికిరాకపోతే దాన్ని ఆచారవస్తువు అనవచ్చునా? దీనికి వ్యతిరేకదిశలో, నియమాలన్నీ పాటించి, ఎవరినీ కదిలించని వస్తువును మంచి రూపకల్పన అనవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకూ ఒకేచోట సమాధానం వెతకవలసి ఉంది.

2. హిద్దూర్ మిత్స్వా: అందం ఒక బాధ్యత

యూదు ధర్మశాస్త్రంలో ఆజ్ఞను మిత్స్వా అంటారు. ఆజ్ఞను నెరవేర్చడమే కాక, దాన్ని అందంగా నెరవేర్చాలనే భావనకు హిద్దూర్ మిత్స్వా అని పేరు. సముద్రం దాటిన తరువాత ఇశ్రాయేలీయులు పాడిన పాటలో దేవుణ్ణి మహిమపరుస్తాననే అర్థం గల మాట ఒకటి ఉంది. సృష్టికర్తకు మనిషి అందం చేకూర్చగలడా అన్న సందేహం నుంచి, ఆజ్ఞల ద్వారా ఆయన ఎదుట అందంగా నిలవడమే దాని భావమన్న వ్యాఖ్య పుట్టింది. తల్మూద్‌లోని షబ్బాత్ ప్రకరణం ఇందుకు ఉదాహరణలు ఇస్తుంది. పర్ణశాల అందమైనదిగా ఉండాలి. కొమ్ముబూర అందమైనదిగా ఉండాలి. వస్త్రపు కుచ్చులు, తోరా గ్రంథపు చుట్ట కూడా అందంగా ఉండాలి.

ఈ భావనలో గమనించదగిన అంశాలు రెండు. మొదటిది, అందం ఆజ్ఞ తరువాతి మెట్టు. ఆజ్ఞ చెల్లని చోట అందానికి ప్రత్యేకవిలువ లేదు. రెండవది, అందానికి హద్దు ఉంది. అందం కోసం చేసే అదనపు వ్యయం వస్తువు వెలలో మూడవవంతుకు మించనక్కరలేదని బవా కమ్మా ప్రకరణంలోని చర్చ సూచిస్తుంది. సంపన్నుల వెండివస్తువులనే గీటురాయిగా పెట్టుకొని పేదల ఆచారాన్ని తక్కువచేసే ధోరణికి ఈ పరిమితి కొంత అడ్డుకట్ట.

శాస్త్రం ప్రతి వస్తువుకూ ఒకే స్థాయిలో నియమాలు విధించలేదు. విశ్రాంతిదినం ముగిసే రాత్రి జరిగే హవ్దాలా ఆచారంలో సుగంధద్రవ్యాలను వాసన చూస్తారు. సువాసన ఉంటే చాలు, భరిణె ఆకారంపై నియమం లేదు. అయినా మధ్య ఐరోపాలో పదహారవ శతాబ్ది నుంచి ఆ భరిణె బురుజు ఆకారాన్ని పొందింది. జర్మన్ నగరాల్లో స్వర్ణకార సంఘాలు యూదులకు ప్రవేశం ఇవ్వనందువల్ల అక్కడి వెండి ఆచారవస్తువుల్లో పెక్కింటిని క్రైస్తవ కంసాలులే తయారుచేశారు. కాబట్టి నేడు సంప్రదాయమని పిలిచే రూపం కూడా ఒక కాలపు అభిరుచి, ఒక సమాజపు ఆంక్షలు, పొరుగువారి చేతిపని కలిసి ఏర్పడిందే. కొత్త రూపాలను సంప్రదాయవిరుద్ధమని తోసిపుచ్చేవారు ఈ చరిత్రను గమనించాలి.

3. నియమం ఛందస్సు వంటిది: హనుక్కా దీపం

ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, గణాల వరుస, పదవ అక్షరం యతిస్థానం ముందే నిర్ణయమై ఉంటాయి. కవి ప్రతిభ ఆ కట్టుబాటు లోపల తెలుస్తుంది. హనుక్కా దీపం కూడా అటువంటి నియతరచన.

క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దిలో యెరూషలేము దేవాలయం తిరిగి ప్రతిష్ఠితమైన సందర్భాన్ని స్మరించే ఈ పండుగ ఎనిమిది రాత్రులు సాగుతుంది. మొదటి రాత్రి ఒక దీపం, రెండవ రాత్రి రెండు, ఆ విధంగా ఎనిమిదవ రాత్రికి ఎనిమిది. మొత్తం 36 దీపాలు. ఈ దీపాల వెలుగును చదువుకోవడానికో, పనిచేసుకోవడానికో వాడరాదు. అందువల్ల షమ్మాష్ అనే సేవకదీపం ఒకటి తోడుగా ఉంటుంది. అది తక్కినవాటికి భిన్నంగా, సాధారణంగా కొంత ఎత్తున, కనిపించాలి. తక్కిన ఎనిమిదింటిని సమానమైన ఎత్తులో వరుసగా ఉంచడం స్థిరపడిన ఆచారం. ప్రతి జ్వాలా విడివిడిగా కనిపించాలి. గిన్నెలో నూనె పోసి చుట్టూ వత్తులు వేసి వెలిగిస్తే జ్వాలలు కలిసి నెగడులా అవుతాయని తల్మూద్ హెచ్చరిస్తుంది. దీపాన్ని ఇరవై మూరలకు మించిన ఎత్తులో పెట్టరాదు. అంత ఎత్తులో ఉన్నదాన్ని దారినపోయేవారి కన్ను అందుకోలేదు. మరోవైపు, దేవాలయంలోని ఏడు కొమ్మల దీపవృక్షానికి నకలు చేయడాన్ని తల్మూద్ నిషేధించింది.

ఈ నియమాలన్నిటి వెనుకా ఉన్న ప్రయోజనం ఒక్కటే. జరిగిన అద్భుతాన్ని లోకానికి చాటడం, ఈ రాత్రి ఎన్నవదో చూపరికి తెలపడం. అందుచేత హనుక్కా దీపం ఒక విధంగా లెక్క చెప్పే పరికరం. రూపకర్త ఎంత స్వేచ్ఛ తీసుకొన్నా, వీధిలోని మనిషి ఆ లెక్కను చదవగలగాలి.

ఈ దృష్టితో చూస్తే 1930ల తొలినాళ్లలో జర్మనీలోని కీల్ నగరంలో రేచల్ పోస్నర్ తీసిన ఛాయాచిత్రం గొప్ప విమర్శపాఠం. ఆమె ఇంటి కిటికీలో హనుక్కా దీపం, ఎదురుగా వీధికి ఆవల భవనంపై నాజీ జెండా. ఆ దీపం రూపకల్పనలో విశేషమేమీ లేదు, అటువంటివి ఎన్నో ఇళ్లలో ఉండేవి. దాన్ని ఉంచిన చోటు, ఉంచిన కాలం, ఉంచిన మనిషి తెగువ కలిసి దానికి అర్థాన్ని కల్పించాయి. వీధికి కనబడాలన్న పాతనియమం అక్కడ ధిక్కారంగా మారింది. ఆచారవస్తువు అర్థం కేవలం ఆకృతిలో ఉండదనడానికి ఇంతకంటె బలమైన నిదర్శనం అరుదు.

4. బెజలేల్ నుంచి న్యూయార్క్ వరకు

షాట్జ్ స్థాపించిన పాఠశాలలో యెమెన్ నుంచి వచ్చిన యూదు కంసాలుల సన్నని వెండితీగ పని, ఐరోపా అలంకారశైలి, బైబిలు దృశ్యాలు కలిసి ఒక మిశ్రమశైలి ఏర్పడింది. 1929లో మూతపడిన ఆ సంస్థ 1935లో కొత్త బెజలేల్‌గా పునఃప్రారంభమైంది. జర్మనీ నుంచి వచ్చిన ఉపాధ్యాయుల ప్రభావంతో అక్కడి దృక్పథం మారింది. వారిలో లుడ్విగ్ యెహుదా వోల్పర్ట్ ముఖ్యుడు.

వోల్పర్ట్ 1930లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెండి, నల్లచేవమాను, గాజులతో పస్కా పండుగ సామగ్రిని రూపొందించాడు. పస్కా రాత్రి భోజనానికి మూడు పులియని రొట్టెలు, వాటితో పాటు ఐగుప్తు దాస్యాన్ని గుర్తుచేసే చేదుకూర మొదలైన పదార్థాలు కావాలి. వోల్పర్ట్ రొట్టెలకు అంతస్తులుగా గాజుపలకలు అమర్చి, పైన పదార్థాలకు చిన్నపాత్రలు ఉంచాడు. పూలు, లతలు, సింహాలు, కిరీటాలు లేవు. ఈ వస్తువులో అలంకారం చేయవలసిన పనిని అమరికే చేసింది. ఏ పదార్థం ఎక్కడ ఉండాలో, ఏది దేనిపై ఆధారపడుతుందో గాజు ద్వారా కనిపిస్తుంది. హీబ్రూ అక్షరాన్నే రూపంగా మలచడం తరువాతి కాలంలో ఆయన శైలికి గుర్తుగా నిలిచింది.

1933లో ఆయన పాలస్తీనాకు వలస వెళ్లాడు. 1956లో న్యూయార్క్ యూదు సంగ్రహాలయంలో ఏర్పడిన టోబ్ పాషర్ కార్యశాలకు నాయకత్వం వహించాడు. 1961లో అక్కడ చేరిన మోషే జబారి ఆ కృషిని కొనసాగించాడు. సంగ్రహాలయం లోపల కార్యశాల ఉండడం చిన్నవిషయం కాదు. ఆ సంగ్రహాలయం 1904లో ఒక న్యాయమూర్తి ఇచ్చిన 26 ఆచారవస్తువులతో మొదలైంది. 1939లో డాన్‌ట్సిగ్ నగరపు యూదుసమాజం తమ సమాజమందిర వస్తువులను న్యూయార్క్‌కు పంపింది. పదిహేనేళ్ల తరువాత ఆ నగరంలో స్వేచ్ఛగా బతికే యూదులు లేకపోతే అవి అక్కడే ఉండిపోవాలన్నది ఒప్పందం. అవి అక్కడే ఉండిపోయాయి. యుద్ధానంతరం వారసులు లేని వేలాది వస్తువులు వివిధ సంస్థలకు పంపిణీ అయ్యాయి. వాడేవారిని కోల్పోయిన వస్తువులకు సంరక్షకశాలగా మారిన భవనంలోనే, వాడుకకోసం కొత్త వస్తువులు తయారుచేసే కార్యశాల వెలిసింది. సమకాలీన రూపకల్పనను కేవలం కొత్తదనంపై మోజుగా కొట్టిపారేయడానికి ఈ నేపథ్యం అంగీకరించదు.

5. వ్యాఖ్యానం ఎక్కువైనప్పుడు

2009 సెప్టెంబరు నుంచి 2010 ఫిబ్రవరి వరకు అదే సంగ్రహాలయంలో 'రీఇన్వెంటింగ్ రిచువల్' అనే ప్రదర్శన జరిగింది. డేనియల్ బెలాస్కో నిర్వహించిన ఈ ప్రదర్శన ఆచారాన్ని స్థిరపడిన వారసత్వంగా కాక, జరుగుతూ ఉండే క్రియగా చూసింది. కళాకారులు, వస్తురూపకర్తలు, వాస్తుకారులు అందులో పాల్గొన్నారు. ఈ దృక్పథం మెచ్చదగినది. అయితే ఈ తరహా రూపకల్పనలను వరుసగా చూస్తే వాటిలో రెండు ధోరణులు వేరుపడతాయి.

టోబి కాన్ రూపొందించిన 'సఫీర్' మొదటి ధోరణికి ఉదాహరణ. పస్కా రెండవ రాత్రి నుంచి వారముల పండుగ వరకు 49 దినాలను ఒక్కొక్కటిగా లెక్కించే ఆచారానికి ఓమెర్ లెక్క అని పేరు. సంప్రదాయంలో ఇది నోటితో చెప్పే లెక్క మాత్రమే. కాన్ దీనికి 49 చిన్న కొయ్యముక్కల అమరికను కల్పించాడు. ఏ రెండు ముక్కలూ ఒకేలా లేని ఆ అమరిక దినాన్ని చేతితో తాకే వస్తువుగా మారుస్తుంది. శాస్త్రం కోరనిదే అయినా శాస్త్రోక్తమైన క్రియకు ఇది తోడ్పడుతుంది. లెక్క తప్పిపోయే అవకాశాన్ని తగ్గిస్తుంది. ఇక్కడ వ్యాఖ్యానం వినియోగంలోనే ఇమిడి ఉంది.

రెండవ ధోరణిలో వస్తువును అర్థం చేసుకోవడానికి పక్కనున్న వివరణఫలకం తప్పనిసరి అవుతుంది. వాస్తుకారుడు రిచర్డ్ మేయర్ రూపొందించిన హనుక్కా దీపంలో ఒక్కొక్క దీపస్తంభం యూదుల చరిత్రలోని ఒక్కొక్క పీడనఘట్టాన్ని ఆ కాలపు వాస్తురూపంతో సూచిస్తుంది. భావన గంభీరమైనది. కాని హనుక్కా క్రమంగా పెరిగే వెలుగు పండుగ. రాత్రి రాత్రికీ ఒక దుఃఖఘట్టాన్ని దాటుకొంటూ వెలుగు పెరుగుతుందని దీన్ని సమర్థించవచ్చు. అయినా వెలిగించే కుటుంబానికి ఏ స్తంభం ఏ యుగానిదో ఎవరో చెప్పకపోతే తెలియదు. వస్తువు పాఠ్యంగా మారి, చదివినంతసేపే పనిచేస్తుంది.

కరీం రషీద్ 2004లో సిలికోన్, ఉక్కులతో రూపొందించిన 'మెనోరామార్ఫ్' మరొక ప్రశ్న లేవనెత్తుతుంది. లోహం, రాయి వంటి శాశ్వతపదార్థాలతో ముడిపడిన దీపాన్ని మెత్తని, వంటింటి సామానుకు వాడే పదార్థంలోకి తేవడం సాహసమే. ఇందులో ఆనందం ఉంది, పిల్లలున్న ఇంటికి ఆ మెత్తదనం తగినదే. అయితే ఆ రూపం హనుక్కాతో ప్రత్యేకంగా ముడిపడినదేనా, రషీద్ తక్కిన గృహవస్తువుల శైలి ఇక్కడ మరోసారి ప్రత్యక్షమైందా అన్న సందేహం మిగులుతుంది. కవి మారినా ఛందస్సు పలకాలి. ఇక్కడ కవి గొంతే ఎక్కువగా వినిపిస్తుంది.

దీనికి భిన్నంగా, కళాత్మకమైన గొప్పతనం లేని వస్తువు కూడా బలంగా పలకవచ్చు. జర్మనీ నుంచి శరణార్థిగా ఆస్ట్రేలియా చేరిన మాన్‌ఫ్రెడ్ ఆన్సన్, న్యూయార్క్ స్వేచ్ఛాప్రతిమ శతాబ్ది సందర్భంలో, పర్యాటకులు కొనుక్కొనే చిన్న ప్రతిమల నుంచి పోతపోసిన రూపాలతో హనుక్కా దీపాన్ని తయారుచేశాడు. స్వేచ్ఛాప్రతిమ చేతిలోనే దివిటీ ఉంది, కాబట్టి దీపానికి అది సహజంగా ఒదిగింది. 2013లో అమెరికా అధ్యక్షభవనంలో ఆ దీపాన్ని వెలిగించారు. చవకబారు జ్ఞాపికను వాడడం అభిరుచిలోపమని కొందరు అనవచ్చు. కాని ఆశ్రయం దొరికినవాడి కృతజ్ఞతకు ఆ జ్ఞాపికే తగిన పదార్థం. చూసిన క్షణంలోనే అర్థమయ్యే ఈ వస్తువుకు వివరణఫలకం అవసరం లేదు.

6. కొత్త వస్తువు, కొత్త భాగస్వామ్యం

రూపకల్పన పాతవస్తువును మార్చడంతో ఆగలేదు. లేని వస్తువును ఆచారంలోకి ప్రవేశపెట్టింది. ఈ మార్పులో స్త్రీవాదం పాత్ర ప్రధానమైనది.

పస్కా బల్లపై ఏలీయా ప్రవక్త కోసం ద్రాక్షారసం నింపిన పాత్ర ఉంచడం పాతఆచారం. 1980ల నుంచి దాని పక్కన మిర్యాము పాత్ర చేరింది. మోషే సోదరి మిర్యాము సముద్రం దాటిన తరువాత తంబుర చేతపట్టి స్త్రీలను నడిపించింది. అరణ్యయాత్రలో ఆమె పుణ్యం వల్లనే నీటిబావి ప్రజల వెంట వచ్చిందని రబ్బీల సంప్రదాయం చెబుతుంది. అందుకే ఈ పాత్రలో నీరు నింపుతారు. 1997లో ఏమీ క్లైన్ రైకర్ట్ రూపొందించిన వెండి మిర్యాము పాత్రకు తంబుర బిళ్లలను పోలిన లోహపుబిళ్లలు అమరి ఉన్నాయి. పాత్ర కదిలితే అవి మోగుతాయి. ఈ చిన్నధ్వని అసాధారణమైన రూపకల్పనా నిర్ణయం. ఏలీయా పాత్ర ఎవరూ తాకకుండా, రాబోయేవాడి కోసం ఎదురుచూస్తుంది. మిర్యాము పాత్ర చేతులు మారుతుంది, మోగుతుంది, అందులోని నీరు తాగుతారు. ఒకటి భవిష్యత్తు కోసం నిరీక్షణ, మరొకటి దారిలో దప్పిక తీర్చిన శ్రమకు గుర్తింపు.

పస్కా పళ్లెంలో నారింజ చేరిన కథ విధికీ నిరసనకూ గల సంబంధాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1980లలో స్వలింగప్రియులైన యూదులకు సంఘీభావంగా పళ్లెంలో రొట్టెముక్క పెట్టాలన్న సూచన ఒక విద్యార్థిబృందం నుంచి వచ్చింది. పండితురాలు సుసానా హెషెల్ ఆ ఉద్దేశాన్ని అంగీకరించినా రూపాన్ని అంగీకరించలేదు. పస్కా దినాల్లో పులిసిన రొట్టె ఇంట్లోనే ఉండరాదు. దాన్ని పళ్లెంలో పెడితే ఆ మనుషులు ఆచారాన్ని మైలపరచేవారని చెప్పినట్లవుతుంది. ఆమె దాని బదులు నారింజను ఎంచుకొంది. సమాజంలో అందరూ భాగస్వాములైతే కలిగే ఫలవంతమైన జీవితానికి అది గుర్తు. గింజలను ఉమ్మివేయడం ద్వేషాన్ని ఉమ్మివేయడానికి గుర్తు. తరువాతి కాలంలో ఈ కథ మారిపోయి, స్త్రీలు వేదికనెక్కడాన్ని వ్యతిరేకించిన ఒక పురుషుడి మాటకు జవాబుగా ప్రచారమైంది. ఒక స్త్రీ చేసిన ఆలోచన పురుషుడి నోటిమాటగా మారడాన్ని హెషెల్ స్వయంగా ఆక్షేపించింది.

రూపకల్పనా విమర్శకు ఈ ఉదాహరణ ఎంతో విలువైనది. రొట్టెముక్క నిరసనగా పదునైనదే, కాని అది బల్లను బద్దలుకొడుతుంది. నారింజ బల్లమీద కొత్తచోటు తెరుస్తుంది. సాధారణంగా ఆరు గుంటలు ఉండే పళ్లెంలో ఏడవదానికి తావు ఉందా అన్న ప్రశ్నను రూపకర్తల ముందు నిలుపుతుంది.

రేచల్ కాంటర్ 2005లో కుట్టిన 'ఫ్రింజ్డ్ గార్మెంట్' ఈ వరుసలో మరింత చిక్కైన రచన. సంఖ్యాకాండము వస్త్రపు అంచులకు కుచ్చులు ఉండాలని విధించింది. సంప్రదాయంలో పురుషులకే పరిమితమైన ఈ ప్రార్థనావస్త్రాన్ని ఉదారశాఖల స్త్రీలు ఇటీవలి దశాబ్దాల్లో ధరిస్తున్నారు. కాంటర్ పాతకాలపు వంటింటి ఏప్రన్ కత్తిరింపును ఆధారంగా తీసుకొని, అచ్చుపువ్వుల నూలుబట్టతో ప్రార్థనావస్త్రాన్ని రూపొందించింది. తాతల శాలువను కప్పుకోవడానికి బదులు, అమ్మమ్మల శ్రమవస్త్రానికి కుచ్చులు కట్టింది. స్త్రీని తిరిగి వంటింటికే కట్టివేయడం కాదా అన్న ఆక్షేపణకు ఇందులో అవకాశం ఉంది. అది తేలికగా తోసివేయదగినది కాదు. అయితే విశ్రాంతిదినపు రొట్టె, పస్కా శుభ్రత, పండుగ భోజనం వంటి ఆచారాల్లో ఎక్కువభాగం ఆ ఏప్రన్ కట్టుకొన్నవారి చేతుల మీదుగానే నడిచాయి. ఆ పనిని ప్రార్థనగా లెక్కించని దృష్టినే ఈ వస్త్రం ప్రశ్నిస్తున్నది. ధరించినప్పుడు ఆజ్ఞ నెరవేరేలా కుట్టినందువల్ల ఆ ప్రశ్న గోడమీది నినాదంగా మిగలక, ఒంటిమీది బరువుగా మారుతుంది.

7. పర్ణశాల: తాత్కాలికత్వపు వాస్తువు

పర్ణశాలల పండుగకు కట్టే సుక్కా నియమాలు వాస్తువిద్యార్థికి పరీక్షాపత్రం వంటివి. కనీసం రెండుగోడలు, మూడవదానిలో కొంతభాగం ఉండాలి. ఎత్తు పది బెత్తెళ్లకు తగ్గరాదు, ఇరవై మూరలకు మించరాదు. పైకప్పు నేలనుంచి మొలిచి, కోసిన పదార్థంతో ఉండాలి. లోపల ఎండకంటె నీడ ఎక్కువ ఉండాలి. గోడల పదార్థం విషయంలో స్వేచ్ఛ ఎంతగా ఉందంటే, కట్టివేసిన ఏనుగును గోడగా వాడవచ్చునా అన్న చర్చ కూడా తల్మూద్‌లో ఉంది.

2010 సెప్టెంబరు 19, 20 తేదీలలో న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో 'సుక్కా సిటీ' పేరుతో పన్నెండు పర్ణశాలలు వెలిశాయి. జాషువా ఫోయర్, రోజర్ బెనెట్ల ఆలోచనతో జరిగిన ఈ పోటీకి 600కు పైగా ప్రతిపాదనలు అందాయి. కైల్ మే, స్కాట్ ఏబ్రహామ్స్ రూపొందించిన 'లాగ్' గాజుగోడలపై ఒక భారీ దేవదారు దూలాన్ని నిలిపింది. నాలుగు బెత్తెళ్ల వెడల్పు గల పలకలు కప్పుగా చెల్లుతాయా అన్న విషయంలో మిష్నాలోనే రబ్బీ యెహూదా, రబ్బీ మెయిర్ విభేదించారు. ఇంటికప్పులా స్థిరంగా కనిపించే పదార్థం తాత్కాలికత్వాన్ని చెడగొడుతుందన్నది ఆ వివాదం వెనుక ఉన్న ఆందోళన. ఈ రూపకల్పన ఆ పాతవాదాన్ని తలకిందుల బరువుగా మన ముందుంచింది. మోయలేనిది మోస్తున్నట్లు కనిపించే గాజు, పడిపోవచ్చునన్న భయం, మనిషి ఆశ్రయపు అస్థిరతను ఆకులకంటె తీవ్రంగా పలికించాయి.

రొనాల్డ్ రేల్, వర్జీనియా సాన్ ఫ్రాటెలో రూపొందించిన 'సుక్కా ఆఫ్ ద సైన్స్' ఇంతకంటె కఠినమైన విషయాన్ని ఎత్తుకొంది. ఇళ్లులేనివారు సహాయం కోరుతూ చేతపట్టుకొనే అట్టముక్కలను వారి నుంచి కొని, వాటితో బయటిగోడ కప్పారు. ఏడాదికి వారంపాటు ఇల్లు విడిచి గుడిసెలో ఉండే ఆచారం, ఏడాది పొడవునా ఇల్లు లేనివారి మాటలతో కట్టిన గోడ. ఈ పోలిక పండుగ అర్థాన్ని లోతుచేస్తుంది. అదే సమయంలో, రాసినవారు వీధిలోనే ఉండగా వారి అక్షరాలు పురస్కారం పొందిన కట్టడంలో భాగం కావడం అసౌకర్యం కలిగిస్తుంది. డబ్బిచ్చి కొన్నంతమాత్రాన ఆ అసౌకర్యం తీరదు. ఆ అసౌకర్యాన్ని చూపరికి మిగల్చడమే ఈ రచన బలం, దాన్ని దాటలేకపోవడమే దాని పరిమితి.

8. ఖాళీకి రూపం: పోలండ్ మెజూజాలు

మెజూజాలో ప్రధానమైనది తోలుకాగితం. ద్వితీయోపదేశకాండములోని రెండు భాగాలను లేఖకుడు చేతితో 22 పంక్తులలో రాస్తాడు. దాన్ని చుట్టి, గొట్టంలో ఉంచి, కుడివైపు ద్వారబంధానికి బిగిస్తారు. నిలువుగా ఉంచాలన్న రాషీ అభిప్రాయానికీ, అడ్డంగా ఉంచాలన్న ఆయన మనుమడు రబ్బేను తామ్ అభిప్రాయానికీ మధ్యేమార్గంగా ఐరోపా యూదులు వాలుగా బిగిస్తారు. గొట్టానికి స్వతంత్రమైన పవిత్రత లేదు. అది కాపుదల మాత్రమే. అందుకే రూపకర్తకు ఇక్కడ స్వేచ్ఛ ఎక్కువ, ఆ స్వేచ్ఛ దుర్వినియోగానికి అవకాశమూ ఎక్కువే.

యుద్ధానికి ముందు పోలండ్‌లో సుమారు 33 లక్షల మంది యూదులు ఉండేవారు. వారిలో దాదాపు 30 లక్షల మంది హత్యకు గురయ్యారు. వారి ఇళ్లు మిగిలాయి. కొన్ని ద్వారబంధాలపై మెజూజా ఉండిన చోట వాలుగా ఒక గుంట, మేకురంధ్రాలు, రంగు పట్టని గీత మిగిలాయి. 2014లో వార్సాలో మొదలైన మి పోలిన్ సంస్థ రూపకర్తలు హెలెనా చెర్నెక్, అలెగ్జాండర్ ప్రూగర్ ఊరూరా తిరిగి అటువంటి గుంటల నుంచి అచ్చుతీసి కంచులో పోతపోస్తున్నారు. ఆ పోతపై ఆ ఇంటి చిరునామా ఉంటుంది. లోపల కొత్తగా రాసిన తోలుకాగితం ఉంచి, మరో దేశంలో, మరో ఇంటి గుమ్మానికి బిగించవచ్చు.

ఇల్లు ఖాళీచేసే యూదుడు, తరువాత వచ్చేది యూదులే అయితే మెజూజాను తీయరాదని తల్మూద్ చెబుతుంది. ఇల్లు చేతులు మారినా గుమ్మం ఆశీర్వాదం కొనసాగాలన్నది దాని భావం. పోలండ్ గుమ్మాలలో ఆ కొనసాగింపు తెగిపోయింది. తెగినచోటి ఖాళీనే అచ్చుగా తీసుకోవడంలో ఈ రూపకల్పన విశిష్టత ఉంది. రూపకర్తలు ఆకారాన్ని కల్పించలేదు. చెక్కపని, కాలం, దోపిడీ, రంగులు కలిసి చేసిన ఆకారాన్ని స్వీకరించారు. లేకపోవడం లోహమై చేతికి తగులుతుంది. గుమ్మం దాటేటప్పుడు మెజూజాను తాకే అలవాటు ఉన్నవారి వేలికొనలకు ఇప్పుడు మరొకరి గుమ్మం తగులుతుంది.

ఈ వస్తువును కూడా విమర్శకు అతీతంగా చూడరాదు. హత్యకు గురైనవారి ఇంటి గుర్తు అమ్మకపువస్తువుగా మారడం సబబేనా అన్న ప్రశ్న ఉంది. స్మృతిని కొనుక్కోగలవారికే అది దక్కుతుందన్న ఆక్షేపణా ఉంది. వీటికి సమాధానం వస్తువు గతిలోనే వెతకాలి. అద్దాలబీరువాలో స్మారకంగా ఉంచితే ఈ కంచుముక్క దుఃఖానికి జ్ఞాపిక మాత్రమే. తోలుకాగితంతో గుమ్మానికి చేరినప్పుడు, ఆపివేయబడిన ఆజ్ఞ తిరిగి మొదలవుతుంది. దాని నైతికత ఆ రెండవ స్థితిపై ఆధారపడి ఉంది.

9. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు:

• ఆచారనియమాలు రూపకల్పనకు ఆటంకాలు కావు. ఛందోనియమం వలె అవి సృజనకు ఆధారమవుతాయి. రొట్టెముక్క కంటె నారింజ మెరుగైన రూపకల్పన కావడానికి కారణం అది నియమాన్ని అర్థంచేసుకొని నిరసించడమే.

• సంప్రదాయరూపాలు కూడా చారిత్రకపరిస్థితుల వల్ల ఏర్పడినవే. అందుచేత కొత్తదనం ఒక్కటే దోషం కాదు, ఒక్కటే గుణమూ కాదు.

• వ్యాఖ్యానం వినియోగంలో కలిసిపోయినప్పుడు వస్తువు నిలుస్తుంది. వివరణఫలకంపై ఆధారపడినప్పుడు బలహీనపడుతుంది. టోబి కాన్, రైకర్ట్, కాంటర్ రచనలు మొదటి కోవకు, మేయర్ దీపం రెండవ కోవకు చెందుతాయి.

• స్త్రీల భాగస్వామ్యం, నిరాశ్రయులు, నశించిన సముదాయాల స్మృతి వంటి ప్రశ్నలు ఆచారవస్తువుల ద్వారా ఇళ్లలోకి ప్రవేశించాయి. భోజనపుబల్ల మీద, గుమ్మం మీద ఉన్న వస్తువును ఏటేటా, ఒక్కోసారి దినదినమూ తాకవలసి ఉంటుంది కనుక ఆ ప్రశ్నలు ఒక్కచూపుతో ముగియవు.

• సంగ్రహాలయం ఈ వస్తువులను కాపాడింది, కొత్తవాటికి కార్యశాలనూ ఇచ్చింది. కాని ఆచారవస్తువుపై తుదితీర్పు అక్కడ లభించదు. దీపమైతే పండుగరాత్రి కిటికీలో, పాత్ర అయితే చేతులు మారే బల్లపై, మెజూజా అయితే గుమ్మంపై దాన్ని పరీక్షించాలి. విమర్శకుడు కూడా అక్కడి నుంచే చూడడం అవసరం.